పిల్లలు కాదన్నారు: ఆర్క్నీ దీవులు, 1991

1991 ఫిబ్రవరి 27. స్కాట్లండుకు ఉత్తరాన, సముద్రం నడుమ ఉన్న ఆర్క్నీ దీవుల్లో సౌత్ రొనాల్డ్‌సే అని ఒక చిన్న దీవి. ఉదయం ఏడు గంటలు. అంత ఉత్తరాన, ఆ చలికాలంలో, ఏడంటే చీకటి విడీవిడని వేళ. నాలుగిళ్ళ తలుపులు ఒకేసారి తట్టారు. వచ్చినవారు పోలీసులు, సోషల్ వర్కర్లు. నిద్రలో ఉన్న తొమ్మిదిమంది పిల్లలను లేపి, తల్లిదండ్రుల కళ్ళ ముందే వాహనాలెక్కించి, విమానంలో స్కాట్లండు ప్రధాన భూభాగానికి తరలించారు. ఆ పిల్లల వయస్సు 8 నుండి 15 ఏళ్ళు. ఒక బొమ్మ గాని, పుస్తకం గాని వెంట తీసుకువెళ్ళనివ్వలేదు. తల్లిదండ్రుల మీద, ఊరి చర్చి మతాచార్యుని మీద వచ్చిన అభియోగం: పిల్లలపై సామూహికంగా, ఏదో తంతులో భాగంగా, లైంగిక అత్యాచారం చేశారని.

చరిత్ర అనగానే మనం శాసనాలనూ రాజవంశాలనూ తలచుకుంటాం. ఇది మన జీవితకాలంలో జరిగిన చరిత్ర. నేరం చేసినవారిని గూర్చి కాదు, మేలు చేయబోయినవారిని గూర్చి. అందుకే వ్రాయాలనిపించింది.

ముందుగా ఒక మాట. తెలుగులో 'సంఘసేవకులు' అనగానే ఖద్దరు కట్టుకుని, చందాపుస్తకం పట్టుకుని తిరిగే పెద్దమనుషులు మన మనస్సులో మెదులుతారు. బ్రిటన్‌లో సోషల్ వర్కర్ అంటే అది కాదు. వారు స్థానిక ప్రభుత్వపు జీతగాళ్ళు. బిడ్డ ప్రమాదంలో ఉన్నదని తోస్తే న్యాయాధికారి సంతకంతో ఆ బిడ్డను ఇంట్లోనుండి తీసుకుపోగల అధికారం వారి చేతిలో ఉంటుంది. ఈ కథంతా ఆ అధికారానిదే గనుక 'సోషల్ వర్కర్' అన్న మాటనే ఉంచుతున్నాను.

ఆర్క్నీలో జరిగినదానికి మూలం ఒక నిజమైన నేరం. ఈ సంగతిని చాలామంది మరచిపోతారు. అదే దీవిలో, బయటి ప్రపంచానికి 'డబ్ల్యు' కుటుంబం అన్న పేరుతో మాత్రమే తెలిసిన ఒక పెద్ద కుటుంబం ఉండేది. పదిహేనుమంది పిల్లలు. తండ్రి వారిని హింసించి, చెరచి, 1980ల నడుమ జైలుకు వెళ్ళాడు. అందులో సందేహమేమీ లేదు. తరువాత కొన్నేళ్ళకు, 1990 నవంబరులో, ఆ ఇంటి చిన్నపిల్లలను కూడా సోషల్ వర్కర్లు తమ సంరక్షణలోకి తీసుకున్నారు. ఒంటరిదైన తల్లి మీద ఇరుగుపొరుగు జాలిపడ్డారు. పిల్లలను తిరిగి ఇవ్వమని అడిగారు, పిల్లలకు ఉత్తరాలు వ్రాశారు. ఆ జాలే వారి కొంప ముంచింది. ఇంత శ్రద్ధ ఎందుకు? ఈ ఉత్తరాల్లో ఏమైనా రహస్య సంకేతాలున్నాయా? అని అనుమానం మొదలయింది. 1991 ఫిబ్రవరిలో డబ్ల్యు పిల్లల్లో ముగ్గురిని విడివిడిగా కూర్చోబెట్టి ప్రశ్నించగా వచ్చిన కథలో, తల్లికి అండగా నిలిచిన ఆ పొరుగువారే నిందితులయ్యారు. పాత రాతిగని దగ్గర రాత్రిపూట చేరేవారట. సంగీతం, నాట్యం ఉండేవట. మతాచార్యుడు వంపుకఱ్ఱతో పిల్లలను దగ్గరకు లాగేవాడట.

ఆర్క్నీలో చెట్లు అరుదు, గాలి మాత్రం పుష్కలం. ఎవరింట్లో దీపం ఎప్పుడు ఆరిందో ఊరందరికీ తెలిసే దీవిలో, ఆరుబయట, చలికాలపు రాత్రి, ఒక జన సమూహం ఇదంతా జరిపితే ఒక్కరికీ తెలియకుండా ఉంటుందా అన్న ప్రశ్న ఎవరికైనా రావాలి. ఆ గని దగ్గరకు వెళ్ళి ముందుగా ఒకసారి నిదానంగా విచారించవలసింది. అటువంటి విచారణ లేకుండానే తలుపులు తట్టారు.

ఆనాటి సోదాలలో పట్టుకుపోయిన వస్తువుల జాబితా చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. 'బ్లాకాడర్' అనే హాస్య ధారావాహిక వీడియో టేపు. ఒక అపరాధ పరిశోధక నవల. ఒక పిల్లవాడు రెండు చెక్కముక్కలు అతికించి చేసుకున్న బొమ్మ విమానం. ఇది సోషల్ వర్కర్ల కళ్ళకు చెక్క శిలువగా కనబడింది. మతాచార్యుని ఇంట దొరికినవాటికి రసీదు వ్రాసి, సంతకం పెట్టమన్నారు: మూడు ముసుగులు, రెండు తలముసుగులు, ఒక నల్లటి అంగీ. ఆయన పెట్టనన్నాడు. దానిని మార్చి, క్రిస్మస్ నాటకపు ముసుగులు మూడు, స్నాతకోత్సవపు హుడ్లు రెండు, మతాచార్యుని అంగీ ఒకటి అని వ్రాశాక గాని సంతకం చేయలేదు. వస్తువులు అవే. వాటి ముందు ఒక్కొక్క విశేషణం చేరింది, అంతే.

మన మెదక్ జిల్లా పల్లెల్లో బాణామతి చేశారన్న అనుమానంతో మనుషులను పట్టుకుని పళ్ళూడగొట్టిన ఉదంతాలు మనకు తెలుసు. అక్కడా నిమ్మకాయ నిమ్మకాయ కాకుండా పోతుంది. ఆ పల్లెల్లో దానిని అవిద్య అన్నాం. ఆర్క్నీలో ఆ పని చేసినవారికి డిగ్రీలున్నాయి, ప్రత్యేక శిక్షణ ఉంది, చేతిలో చట్టప్రకారం పొందిన ఉత్తర్వు ఉంది.

తీసుకుపోయిన పిల్లలకు వైద్యపరీక్షలు చేయించారు. అత్యాచారానికి ఆనవాలేదీ కనబడలేదు. పిల్లలను అడిగారు. మాకేమీ జరగలేదన్నారు. మళ్ళీ అడిగారు. మళ్ళీ అదే చెప్పారు. ఒకే ఇంటి పిల్లలను వేరువేరు చోట్ల ఉంచారు. తల్లిదండ్రులను చూడనివ్వలేదు. వారు పంపిన ఉత్తరాలూ కార్డులూ పిల్లలకు చేరనివ్వలేదు, నోరు విప్పవద్దని వాటిలో సంజ్ఞలు ఉంటాయేమోనని. ఇలా అయిదు వారాలు గడిచాయి.

నాకు అన్నిటికన్నా భయం గొలిపే విషయం ఈ ప్రశ్నించే పద్ధతి. పిల్లవాడు 'అవును' అంటే నేరం ఋజువయినట్టు. 'కాదు' అంటే భయపడి దాస్తున్నట్టు. ముందు 'అవును' అని తరువాత 'కాదు' అంటే ఎవరో బెదిరించి మాట మార్పించినట్టు. మౌనంగా ఉంటే గాయం అంత లోతైనదన్నమాట. ఈ నాలుగింటిలో ఏ జవాబు చెప్పి ఆ పిల్లవాడు తన తల్లిదండ్రులను కాపాడుకోగలడు?

ఈ తర్కం గాలిలోనుండి ఊడిపడలేదు. 1983లో రోలండ్ సమిట్ అనే అమెరికా మానసిక వైద్యుడు ఒక వ్యాసం ప్రచురించాడు. అత్యాచారానికి గురైన పిల్లలు దానిని దాస్తారు, ఆలస్యంగా చెబుతారు, చెప్పినది వెనక్కు తీసుకుంటారు కూడా అని. అందులో నిజం ఉంది. కోర్టుల్లో పిల్లల మాటను కొట్టిపారేస్తున్న కాలంలో అది ఎందరికో ఆసరా అయింది. అయితే చెరచబడిన బిడ్డ 'కాదు' అనవచ్చు అన్న మాటను తలక్రిందులు చేసి, 'కాదు' అన్న బిడ్డ చెరచబడి ఉంటుంది అని వాడుకున్నారు. తర్కశాస్త్రం మొదటి పాఠంలోనే చెప్పే పొరపాటు ఇది. నిప్పు ఉంటే పొగ రావచ్చు గాని, పొగ లేకపోవడం నిప్పుకు సాక్ష్యం కాజాలదు. తన సిద్ధాంతం దుర్వినియోగమవుతున్నదని సమిట్ స్వయంగా 1992లో మరొక వ్యాసం వ్రాసుకోవలసి వచ్చింది.

ఇక 'సైతాను ఆరాధకులు' అన్న కథ ఎక్కడిది? దానికీ వంశవృక్షముంది. 1980లో కెనడాకు చెందిన ఒక మానసిక వైద్యుడు, అతని పేషెంటు కలిసి 'మిషెల్ రిమెంబర్స్' అనే పుస్తకం వెలువరించారు. చికిత్సలో భాగంగా ఆమెకు బాల్యం 'గుర్తుకు వచ్చిందట', ఆ బాల్యం నిండా సైతాను తంతులట. 1983లో కాలిఫోర్నియాలో మెక్‌మార్టిన్ అనే పిల్లల బడి మీద అభియోగాలు వచ్చాయి. వందలాది పసిపిల్లలను బొమ్మలు చేతికిచ్చి, తక్కిన పిల్లలు ఇప్పటికే చెప్పేశారు నువ్వూ చెప్పు అంటూ ప్రశ్నించారు. బడి క్రింద రహస్య సొరంగాలున్నాయన్నారు. ఏడేళ్ళు సాగి, 1990లో ఒక్కరికీ శిక్ష పడకుండా ఆ కేసు ముగిసింది. ఈలోగా 'లక్షణాల జాబితాలు' శిక్షణ సదస్సుల ద్వారా అట్లాంటిక్ దాటి బ్రిటన్‌కు వచ్చాయి. పక్క తడపడం, చీకటంటే భయం, దయ్యాల గురించి మాట్లాడటం వంటివి లక్షణాలుగా చేరితే ఇక ఏ ఇంటి బిడ్డ మిగులుతుంది? మన ఇళ్ళలో బూచాడి పేరు చెప్పకుండా అన్నం తిన్న పిల్లలెందరు!

ఆ సోషల్ వర్కర్లను రాక్షసులుగా చిత్రించడం నాకు ఇష్టం లేదు. అంతకు ముందు పదేళ్ళుగా బ్రిటిష్ పత్రికలు వారిని తిట్టిపోసినది దీనికి సరిగ్గా వ్యతిరేకమైన కారణానికి. 1984లో జాస్మిన్ బెక్‌ఫర్డ్ అనే నాలుగేళ్ళ పాప సవతితండ్రి చేతి దెబ్బలకు చనిపోయింది. ఆమె అప్పటికే సోషల్ వర్కర్ల పర్యవేక్షణలో ఉన్న బిడ్డ. ఇంటికి వెళ్ళినప్పుడు బిడ్డను సరిగా చూడలేదనీ, తల్లిదండ్రుల మాట నమ్మారనీ మరుసటి ఏడు వచ్చిన విచారణ నివేదిక తప్పుపట్టింది. నమ్మినందుకు ఒకసారి నిందపడినవాడు రెండవసారి ఎవరినీ నమ్మడు. అది మానవ సహజం. కాని సహజం కదా అని ఆ భారాన్ని తొమ్మిదిమంది పిల్లల నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

పైగా హెచ్చరికలు లేకపోలేదు. 1987లో ఇంగ్లండులోని క్లీవ్‌లండ్‌లో, మిడిల్స్‌బరో ఆసుపత్రికి చెందిన ఇద్దరు పిల్లల వైద్యులు ప్రధానంగా ఒక శారీరక పరీక్షను ఆధారం చేసుకుని, కొద్ది నెలల్లోనే 121మంది పిల్లలు అత్యాచారానికి గురయ్యారని తేల్చారు. వారిలో అత్యధికులను కోర్టులు తిరిగి ఇళ్ళకు పంపాయి. 1988లో విచారణ నివేదిక వ్రాసిన న్యాయమూర్తి ఎలిజబెత్ బట్లర్-స్లాస్, బిడ్డ ఒక వ్యక్తి, మనం ఆందోళన పడవలసిన వస్తువు కాదు అన్నారు. పిల్లలను ప్రశ్నించే పద్ధతి మీద కూడా ఆ నివేదిక చాలా చెప్పింది. అప్పట్లో అటువంటి ముఖాముఖిని 'డిస్‌క్లోజర్' అనేవారు. అంటే 'వెల్లడి'. లోపల ఏదో ఉన్నదని ముందే నిశ్చయించుకుంటే గాని వెల్లడి అన్న మాట పుట్టదు.

ఇక్కడ మన తెలుగు వ్యాకరణం మీద నాకు ప్రేమ కలుగుతుంది. చెప్పు, చెప్పనిచ్చు, చెప్పించు. ధాతువు ఒకటే. బిడ్డను చెప్పనివ్వడానికీ, బిడ్డ చేత చెప్పించడానికీ మధ్య ఉన్న తేడాను ఒక్క ప్రత్యయం పట్టి చూపిస్తుంది. ఆ గదుల్లో జరిగినది చెప్పించడం.

నాటింగ్‌హామ్‌లో ఒక పెద్ద కుటుంబంలో నిజంగానే ఘోరమైన అత్యాచారాలు జరిగాయి, పెద్దలకు శిక్షలూ పడ్డాయి. దానిమీద సైతాను కథ అల్లుకోగా, పోలీసులూ సోషల్ వర్కర్లూ కలిసిన ఒక సంయుక్త బృందం అంతా తిరిగి పరిశీలించి ఆ కథకు ఆధారం లేదని తేల్చింది. దీనిని ఇక్కడితో ఆపకపోతే మంత్రగత్తెల వేటగా మారుతుందని హెచ్చరించింది. హెచ్చరిక ఫలించలేదు. 1990లో రాచ్‌డేల్‌లో ఒక ఆరేళ్ళ బాలుడు దయ్యాల గురించి చెప్పిన మాటలతో మొదలై, సుమారు ఇరవైమంది పిల్లలను ఇళ్ళనుండి తీసుకుపోయారు. ఆ బాలుడు చూసిన భయానక వీడియోల సంగతి తరువాత బయటపడింది. ఆ కేసులో సైతాను ఆరోపణలకు ఆధారం లేదని హైకోర్టు న్యాయమూర్తి డగ్లస్ బ్రౌన్ 1991 మార్చిలో తీర్పు చెప్పారు. తేదీలు గమనించండి. ఆ తీర్పు వెలువడే నాటికి ఆర్క్నీ పిల్లలు ఇంకా పరాయి ఇళ్ళలోనే ఉన్నారు.

ఏప్రిల్ 4న ఆర్క్నీ కేసు షెరీఫ్ డేవిడ్ కెల్బీ ముందుకు వచ్చింది. (షెరీఫ్ అనగానే మన కౌబాయ్ సినిమాల్లో నక్షత్రం బిళ్ళ పెట్టుకున్న మనిషిని ఊహించుకోకండి, స్కాట్లండులో షెరీఫ్ అంటే న్యాయమూర్తి.) చట్టప్రకారం పిల్లలను 'చిల్డ్రన్స్ హియరింగ్' ఎదుట హాజరుపరచనే లేదు గనుక ఈ ప్రక్రియ మొదటికే చెల్లదన్నాడాయన. అక్కడితో ఆగక, పిల్లలను ప్రశ్నించిన తీరును కూడా దుయ్యబట్టాడు. వారి చేత ఒప్పించడానికే జరిపిన అడ్డప్రశ్నలని. ఆ రోజే పిల్లలు విమానమెక్కి ఇల్లు చేరారు. కర్క్‌వాల్ విమానాశ్రయంలో జనం, టెలివిజన్ కెమెరాలు, ఆనందబాష్పాలు.

ఇక్కడ కథ ఆపేస్తే బాగానే ఉంటుంది. చాలామంది ఇక్కడే ఆపుతారు. నిజం ఇంకొంచెం చేదైనది. జూన్ నెలలో పై కోర్టు, అంటే కోర్ట్ ఆఫ్ సెషన్, కెల్బీ తీర్పును తప్పుపట్టింది. సాక్ష్యాలు వినకుండా సాక్ష్యాల మీద వ్యాఖ్యానించే హక్కు ఆయనకు లేదన్నది. న్యాయశాస్త్రం ప్రకారం ఆ మాట సరైనదేనని నా అభిప్రాయం. కాని అప్పటికే విషయమంతా పత్రికల్లో నలిగి, సాక్ష్యం కలుషితమయిందని చెప్పి, అధికారులు కేసును విడిచిపెట్టారు. ఎవరి మీదా నేరం మోపలేదు. ఎవరినీ నిర్దోషి అని ప్రకటించనూ లేదు. మతాచార్యునికీ, ఆ నాలుగు కుటుంబాలకూ మా మీద పడిన మచ్చ న్యాయస్థానంలో కడుక్కుంటాం అనే అవకాశం దక్కలేదు. దొంగ అని పట్టుకుని, పోనీలే అని వదిలిపెట్టినట్టు.

లార్డ్ క్లైడ్ ఆధ్వర్యంలో న్యాయవిచారణ 1991 ఆగస్టులో మొదలయింది. దాదాపు 60 లక్షల పౌండ్లు ఖర్చయింది. 1992 అక్టోబరులో వెలువడిన నివేదికలో 194 సిఫారసులున్నాయి. అభియోగాలు నిజమా కాదా అని తేల్చడం ఆయనకు అప్పగించిన పని కాదు. పిల్లలను తీసుకుపోయిన తీరు, ఉంచిన తీరు, ప్రశ్నించిన తీరు మాత్రమే ఆయన పరిధి. సోషల్ వర్కర్లు, పోలీసులు, దీవుల కౌన్సిల్ అందరూ ఆయన విమర్శకు గురయ్యారు. 'తంతుపరమైన అత్యాచారం' అన్న భావనే దర్యాప్తు చేసేవారి నిష్పక్షపాత దృష్టిని చెడగొట్టగలదన్నాడు. నాకు ఆ నివేదికలో అన్నిటికన్నా విలువైనదిగా తోచిన సిఫారసు చూడటానికి చాలా సాదాగా ఉంటుంది: పిల్లలు చెప్పిన అభియోగాన్ని తీవ్రంగా పట్టించుకోవాలి. నిజమని తప్పనిసరిగా స్వీకరించనక్కరలేదు. దాని ఆధారంగా చర్య తీసుకునే ముందు వీలైన అన్ని విధాలా పరీక్షించాలి. పట్టించుకోవడం వేరు, నమ్మెయ్యడం వేరు. అప్పటి నినాదం 'పిల్లలను నమ్మండి' అని. విచిత్రమేమంటే ఆ నినాదం ఇచ్చినవారే 'కాదు' అన్న తొమ్మిదిమంది పిల్లలను నమ్మలేదు.

తరువాత చట్టాలు మారాయి. ఇంగ్లండులో క్లీవ్‌లండ్ తరువాత వచ్చిన 1989 చట్టం, 28 రోజుల వరకు సాగే పాత ఉత్తర్వు స్థానంలో 8 రోజుల అత్యవసర ఉత్తర్వును తెచ్చింది. స్కాట్లండులో 1995 చట్టం, షెరీఫ్ ఇచ్చే బాలరక్షణ ఉత్తర్వును ప్రవేశపెట్టింది. బిడ్డను ఇంట్లోనుండి తీసే బదులు అనుమానితుడినే బయటకు పంపే వీలు కూడా కల్పించింది. ఎంత ఆలస్యంగా తట్టిన ఆలోచన! 1996లో ఆర్క్నీ కౌన్సిల్ ఆ కుటుంబాలకు క్షమాపణ చెప్పి పరిహారమిచ్చింది. స్కాట్లండులోనే ఎయిర్‌షైర్‌లో ఇటువంటి ఆరోపణల మీద 1990లో తీసుకుపోయిన పిల్లలు 1995లో గాని ఇల్లు చేరలేదు. వారి ముందు ఆర్క్నీ పిల్లలు అదృష్టవంతులే అనాలి.

ఇంతకూ ఆ సైతాను ఆరాధకులు ఉన్నారా? బ్రిటిష్ ప్రభుత్వం జీన్ లా ఫొంటేన్ అనే మానవశాస్త్రజ్ఞురాలికి ఈ పని అప్పగించింది. 1994లో ఆమె నివేదిక వచ్చింది. తంతుపరమైన అత్యాచారమని ఆరోపించిన 84 కేసులు చూస్తే, ఏదో ఒక రకమైన తంతు నిజంగా జరిగినట్టు ఆధారం దొరికినవి మూడు. ఆ మూడింటిలోనూ తంతు అసలు ఉద్దేశం కాదు, అత్యాచారం చేసే మనిషి వేసుకున్న వేషం. సైతాను ఆరాధన జాడ ఒక్కదానిలోనూ లేదు. అలాగని తక్కిన పిల్లలంతా క్షేమంగా ఉన్నారని కాదు. వారిలో నిజంగా చెరచబడినవారూ, నిర్లక్ష్యానికి గురైనవారూ ఉన్నారు. సైతాను కోసం వెదకినవారికి ఇంట్లో తాగివచ్చి కొట్టే మనిషి కనబడకుండా పోయాడు.

పసిపిల్లల చేత లేనిది ఎలా చెప్పించవచ్చో తరువాత మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రయోగాలు చేసి చూపారు. వాటిలో 1995లో లైట్‌మన్, సెసీ ప్రచురించిన ప్రయోగం నాకు బాగా గుర్తుంది. సామ్ స్టోన్ అనే అతను ఒక పిల్లల కేంద్రానికి వచ్చి, రెండు నిమిషాలు ఉండి, ఏమీ చేయకుండా వెళ్ళిపోయాడు. కొందరు పిల్లలకు ముందే సామ్ ఒట్టి వికారపు మనిషి, ఏది పట్టుకున్నా పాడుచేస్తాడని కథలు చెప్పి ఉంచారు. తరువాత కొన్ని వారాల పాటు సామ్ పుస్తకం చింపాడా, ఎలుగుబంటి బొమ్మను పాడుచేశాడా అని అడుగుతూ వచ్చారు. చివరకు అడిగితే, వారిలో మూడు నాలుగేళ్ళవారు అధికసంఖ్యలో అవును, చేశాడన్నారు. ఆర్క్నీ నుండి తీసుకుపోయిన పిల్లలు అంతకన్నా పెద్దవారు. అయిదు వారాలపాటు 'కాదు' అనగలగడానికి అదొక కారణం కావచ్చు.

మఱి మొదట ఆ కథ చెప్పిన డబ్ల్యు పిల్లలు? ఏప్రిల్ 4న కర్క్‌వాల్‌లో దిగిన విమానంలో వారు లేరు. వారికోసం కెమెరాలూ లేవు. తండ్రి చేతిలో నిజంగా నలిగిన ఆ పిల్లలను ఊరు అబద్ధాలకోరులుగా గుర్తుంచుకుంది. 2013లో ఆ ఇంటి బిడ్డల్లో ఒకరు, అప్పటికి పెద్దామె, మారుపేరుతో తన కథను పుస్తకంగా వెలువరించింది. పొరుగువారి మీద ఆ మాటలు ప్రశ్నించేవారి ఒత్తిడి వల్ల వచ్చినవని అందులో చెప్పింది.